పూత రాకముందే పీకాలి

వయ్యారిభామ కలుపు మీద మన పోరాటమంతా మొక్కతోనే. నష్టం చేసేది దాని పుప్పొడి.

ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా వయ్యారిభామ నిర్మూలన వారం. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన డైరెక్టరేట్ పిలుపునిస్తుంది. ఊరూరా బ్యానర్లు లేస్తాయి, కళాశాల పిల్లలు చేతి తొడుగులు వేసుకుని వరుసగా నిలబడతారు, పత్రికల్లో ఫొటోలు పడతాయి. ఆ వారానికి ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. ‘అమెరికా గోధుమల్లో కలిసొచ్చిన మొక్క’ అనే కోణం కూడా ఆయనే ఇచ్చారు. ఆ కథ అందరూ చెప్పేదే, పైగా తేదీలు సరిగ్గా అతకవు. పాత పరిశోధన పత్రాలు తిరగేస్తుంటే నా దృష్టి ఇంకోదాని మీద నిలిచిపోయింది. 1993లో ‘బులెటిన్ ఆఫ్ ఎంటమలాజికల్ రిసెర్చ్’లో అచ్చయిన నాలుగు పేజీల పత్రమది. రాసింది బెంగళూరు కీటక శాస్త్రవేత్త కె.పి. జయంత్, ఆయన సహచరులు.

దాని వెనక పెద్ద రభసే ఉంది. వయ్యారిభామను తినే పెంకుపురుగు ఒకటి మెక్సికోలో ఉంది. పేరు జైగోగ్రామా బైకలరేటా. లేత పసుపు రెక్కల మీద ముదురు గోధుమరంగు గీతలు, పెసరగింజ కన్నా కాస్త పెద్ద ఒళ్లు. 1983లో దాన్ని బెంగళూరుకు తెప్పించారు. పంట మొక్కలను ముట్టదని పరీక్షల్లో తేలాక 1984లో బయట వదిలారు. వానలు పడగానే నేలలోంచి లేచి ఆకులను జల్లెడ చేస్తుంది. దాని పిల్లపురుగులు చిగుళ్లలోకీ మొగ్గల్లోకీ దూరి పూత రాకుండా చేస్తాయి. మందు ఖర్చు లేదు, కూలి ఖర్చు లేదు.

అంతా బాగుందనుకుంటుండగా 1990ల మొదట్లో కర్ణాటకలో అదే పురుగు పొద్దుతిరుగుడు ఆకుల మీద కనిపించింది. నూనెగింజల దిగుబడి పెంచాలని దేశం తాపత్రయపడుతున్న రోజులవి. కలుపును చంపుతుందని పరదేశం నుంచి తెచ్చినది పంట మీద పడిందంటే ఎవరూరుకుంటారు? పరీక్షలు సరిగ్గా చేయలేదన్నారు, విడుదలలు ఆపమన్నారు. పొద్దుతిరుగుడూ వయ్యారిభామా ఒకే కుటుంబం మొక్కలు కాబట్టి అనుమానానికి ఆధారం కూడా ఉన్నట్టే కనిపించింది.

జయంత్ బృందం చూసింది ఆకును కాదు, ఆకు మీది దుమ్మును. వయ్యారిభామ నిండా పూసిన చోట దాని పుప్పొడి పక్క మొక్కల మీద రాలుతుంది. అలా పుప్పొడి పడిన పొద్దుతిరుగుడు ఆకును పురుగు కొరికింది. అది లేని ఆకును పెద్దగా పట్టించుకోలేదు. పురుగు రుచి మారలేదన్నమాట. ఆకు మీద తన పాత తిండి వాసన తగిలేసరికి నోరు పెట్టింది. చేను గట్టున కలుపును పూత దాకా పెరగనిచ్చినందుకు వచ్చిన తంటా ఇది. గట్టు శుభ్రంగా ఉంటే ఆ పురుగుకు పొద్దుతిరుగుడుతో పనే లేదు.

నాకు ఈ పత్రం నచ్చడానికి కారణం పురుగు నిర్దోషి అని తేలడం ఒక్కటే కాదు. దీన్ని చదివాక పుప్పొడి మీదే వచ్చిన మరో రెండు పత్రాలూ ఒకే దారిలో కనిపించాయి. 1980లోనే బెంగళూరులో కాంచన్, జయచంద్ర అనే ఇద్దరు ఈ పుప్పొడి ఇతర మొక్కల కీలాగ్రాల మీద పడితే కాయ కట్టడం తగ్గుతుందని చూపించారు. మూడోది మన అనంతపురం కథ.

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగ చేలు నిలువునా ఎండిపోయాయి. లేత ఆకుల మీద మచ్చలు, తర్వాత కాండం నల్లబడడం, చివరికి మొక్క చావడం. దాదాపు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. అది కాండం కుళ్లు తెగులనీ, కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అనీ పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తేల్చారు. వైరస్ దాక్కున్నది వయ్యారిభామలో. అందులో ఏ రోగ లక్షణమూ పైకి కనిపించదు, పచ్చగా నవనవలాడుతూనే ఉంటుంది. దాని పుప్పొడిలో మాత్రం వైరస్ ఉంటుంది. పూలలో తిరిగే తామర పురుగులు ఆ పొడిని ఒంటికి అంటించుకుని వేరుశనగ మీదికి వస్తాయి. అవి ఆకును గీకినచోట పుప్పొడి పడితే వైరస్ లోపలికి పోతుంది. పుప్పొడి లేకుండా తామర పురుగు ఒక్కటే ఈ తెగులును తేలేదు. అందుకే శాస్త్రవేత్తలు చెప్పిన ఉపాయాల్లో చేను చుట్టూ జొన్న, సజ్జ వరుసలు వేయడం ఒకటి. గాలికి వచ్చే పొడినీ పురుగునూ ఆ ఎత్తు పైరు అడ్డుకుంటుంది. రెండోది, గట్ల మీద, బీళ్లలో ఈ కలుపును పూతకు ముందే తీసేయడం.

బీళ్ల సంగతి వేరే చెప్పాలి. పశువులు వయ్యారిభామను మామూలుగా ముట్టవు. మేత లేని కాలంలో గడ్డితో కలిపి మేస్తే నోట్లో పుళ్లు, చర్మం మీద దద్దుర్లు వస్తాయి, పాలు చేదెక్కుతాయి. మంద అదుపు లేకుండా మేసిన బీట్లో మంచి గడ్డి అడుగంటా పోతుంది, ముట్టనిది మిగులుతుంది. ఖాళీ దొరికిన నేలనంతా అదే ఆక్రమిస్తుంది. అలాంటి చోట ఎన్నిసార్లు మందు కొట్టినా మళ్లీ లేస్తుంది. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది, అవి ఏళ్ల తరబడి నేలలో బతికుంటాయి. మందను కొన్నాళ్లు ఆపి అంజన్ గడ్డినో తంటేన్నో నేలను కప్పనిస్తే దీనికి చోటు దొరకదు. కానీ మందకు వేరే మేత చూపించకుండా ఈ సలహా ఇవ్వడం తేలిక, పాటించడం కష్టం.

ఇక గోధుమల చరిత్ర, పేజీ నిండిపోతోంది కాబట్టి గబగబా. ఈ మొక్కది మధ్య అమెరికా ప్రాంతం. పుణెలో 1955లో కనిపించిందని 1956లో అచ్చయింది. అమెరికా పీఎల్-480 పథకం కింద గోధుమల తొలి ఒప్పందం మీద మనం సంతకం పెట్టింది 1956 ఆగస్టులో! అంతకు ముందు 1951లో అమెరికా అప్పుగా ఇచ్చిన గోధుమలూ వచ్చాయి కాబట్టి గోధుమలను పూర్తిగా వదిలేయలేం. కానీ అంతకు చాలా ముందే, 1880 నాటి నమూనా ఒకటి డెహ్రాడూన్ హెర్బేరియంలో ఉంది. వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1814 కలకత్తా ఉద్యానం జాబితాలో సైతం ఈ మొక్క పేరుంది. కర్ణాటక 1975లోనే దీన్ని హానికర కలుపుగా ప్రకటించింది.

ఆగస్టు వారం మీద నాకున్న ఫిర్యాదు ఇదే. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లో వయ్యారిభామ పూస్తుంది. రాయలసీమలో జూన్ తొలకరికి మొలిచింది జూలై రెండో సగానికి తెల్లగా విరబూసి ఉంటుంది, అప్పుడే వేరుశనగ విత్తుతున్నాం. ఆగస్టు 16న బ్యానర్ కట్టి పీకేసరికి తొలి పుప్పొడి చేలలోకి చేరిపోయి ఉంటుంది. పైగా పూసిన మొక్కను దులుపుతూ పీకితే ఆ పొడి పీకేవాళ్ల ముక్కుల్లోకే పోతుంది. ఉబ్బసం, చర్మ అలర్జీ ఉన్నవాళ్లను ఈ పనికి పిలవనే కూడదు. దేశమంతటికీ ఒకే తేదీ అవసరమైతే ఉండనివ్వండి, సీమ జిల్లాలు మాత్రం తమ వారాన్ని జూలై మొదట్లో పెట్టుకోవచ్చు.

మందులు, ఉప్పు

పంట లేని చోట లీటరు నీటికి 150 నుంచి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే లేత వయ్యారిభామ మొక్కలు మాడిపోతాయి. పొలంలో మాత్రం వద్దు, నేల పాడవుతుంది. గడ్డి బీట్లో 2,4-డి కొడితే గడ్డి నిలుస్తుంది, వెడల్పాకు మొక్కలు చస్తాయి. పప్పుజాతి మేత కూడా వాటితోపాటే పోతుంది. గాలి పత్తి చేను వైపు వీస్తుంటే ఆ మందు డబ్బా మూత తీయకండి. గ్లైఫోసేట్ అనే మరో కలుపు మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది.

లాన్‌లో తుంగ

ఇంటి ముందు పచ్చిక పెంచేవాళ్ల శత్రువు వేరు. తుంగను చేత్తో లాగితే ఆకు చేతికొస్తుంది, గడ్డ నేలలోనే ఉంటుంది. పైగా గొలుసులా ఉన్న గడ్డల్లో నిద్రపోతున్నవి కూడా మేల్కొంటాయి. గరిక జాతి లాన్‌లో హాలోసల్ఫ్యూరాన్ అనే కలుపు మందు పనిచేస్తుంది, కానీ ఒక్కసారి కొడితే చాలదు. ఎక్కువ తోటల్లోకి తుంగ వచ్చేది కొనుక్కొచ్చిన ఎర్రమట్టితోనే. గడ్డి పరిచే ముందు ఆ మట్టిని రెండు మూడు వారాలు తడిపి వదిలేస్తే అందులో ఎంత తుంగ ఉందో మొలిచి చూపిస్తుంది. అప్పుడు గడ్డలతో సహా తవ్వి తీసేయడం, లాన్ పరిచాక తీయడం కన్నా ఎంతో సులువు.