‘దుకాణం మూసేస్తున్నాం’ అని ఆటపట్టిస్తే..!

మా దేవరకొండ బజారులో దసరా ముందు ఓ బ్యానర్ కనిపించేది. ‘దుకాణం ఖాళీ చేస్తున్నాం.. సగం ధరకే బట్టలు’ అని. మొదటి ఏడాది మా అమ్మ ఉరుక్కుంటూ పోయి రెండు చీరలు తెచ్చింది. రెండో ఏడాదీ అదే బ్యానర్. మూడో ఏడాది ఆ బ్యానర్ కింద నుంచే నడుచుకుంటూ పక్క దుకాణానికి పోయింది. ‘వీళ్లు పోయేదీ లేదు, ధర తగ్గేదీ లేదు’ అని ఒక్క మాట అన్నది, అంతే. అదొక మార్కెటింగ్ పాఠమని నాకు అప్పుడు తెలియలేదు. ఇంజినీరింగ్ అయిపోయి, మొదటి ఉద్యోగంలో నేనే అలాంటి బ్యానర్ కట్టాక తెలిసింది. ఆ సంగతి చివర్లో చెప్తా.

డిజిటల్ మార్కెటింగ్, సోషల్ మీడియా, కస్టమర్ సపోర్ట్ ఉద్యోగాలకు మీలో చాలామంది అప్లై చేస్తుంటారు. బ్రాంచ్ ఏదైనా, డిగ్రీ ఏదైనా తీసుకునే కొలువులివి. ఇంటర్వ్యూలో తరచూ వినిపించే ప్రశ్న ‘మా బ్రాండ్‌ను వైరల్ ఎలా చేస్తావ్?’ జవాబు చెప్పేముందు, వైరల్ అయినప్పుడు అవతలి వైపు కస్టమర్‌కు ఏమవుతుందో తెలిసి ఉండాలి. అందుకు ఓ గేమ్ స్టోర్ కథ బాగా పనికొస్తుంది.

నాలుగు రోజుల నాటకం

పోలండ్‌లో సీడీ ప్రాజెక్ట్ అనే కంపెనీ ఉంది. ‘విచర్’, ‘సైబర్‌పంక్ 2077’ గేములు ఆడినవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ కంపెనీ 2008లో ‘గుడ్ ఓల్డ్ గేమ్స్’ పేరుతో ఓ ఆన్‌లైన్ స్టోర్ తెరిచింది. అదే జీఓజీ డాట్ కామ్. పాత కంప్యూటర్ గేములను ఇప్పటి కంప్యూటర్లలో నడిచేలా సరిచేసి, 6 డాలర్లకో 10 డాలర్లకో అమ్మేది. కాపీ చేయకుండా గేములకు వేసే డిజిటల్ తాళాన్ని డీఆర్ఎం అంటారు. ఈ స్టోర్ గేములకు ఆ తాళం ఉండేది కాదు. కొన్నది మీది, ఎన్నిసార్లైనా దించుకోండి అనేదే వాళ్ల మాట. కస్టమర్లు వచ్చింది ఆ మాట మీదే.

2010 సెప్టెంబర్ 19న, ఆదివారం, సైటు తెరిచినవాళ్లకు గేములు లేవు, తమ ఖాతా లేదు. ఒక ప్రకటన మాత్రం కనిపించింది. స్టోర్‌ను ఇప్పుడున్న రూపంలో నడపలేమని, సేవలు ఆపేస్తున్నామని దాని సారాంశం. కొన్న గేములను మళ్లీ దించుకోవడానికి ఆ వారంలోనే ఏర్పాటు చేస్తామని కూడా ఉంది. ఎలా, ఎప్పుడు అన్న వివరం లేదు. టెక్ వార్తల సైట్లు దాన్ని నిజమే అనుకుని ‘జీఓజీ మూత’ అని రాశాయి.

సెప్టెంబర్ 22న అసలు సంగతి బయటపడింది. ఆన్‌లైన్ ప్రెస్ మీట్‌లో కంపెనీ పెద్దలు క్రైస్తవ సన్యాసుల వేషంలో వచ్చి కూర్చున్నారు. స్టోర్ ఎక్కడికీ పోలేదట. రెండేళ్లుగా ఉన్న ‘బీటా’ దశ ముగిసి, కొత్త సైటు వస్తోందట. మరునాడు సైటు తెరుచుకుంది. అభిమానులు ఎప్పటినుంచో అడుగుతున్న ‘బాల్డర్స్ గేట్’ గేమూ వచ్చింది. మోసపోయామని బాధపడ్డవాళ్లకు క్షమాపణ చెప్తూనే, మాది చిన్న కంపెనీ, ప్రచారానికి పెద్ద బడ్జెట్ లేదు, అందుకే ఇలా చేశామని వివరణ ఇచ్చారు.

కోపం ఎక్కడ పుట్టింది?

కొందరు నవ్వుకున్నారు. చాలామంది మండిపడ్డారు. ఆ కోపాన్ని విడదీసి చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి.

మొదటిది సొమ్ము భయం. గేమును కొన్న రోజే దించుకుని దాచుకున్నవాళ్లకు ఫికర్ లేదు. తాళం లేదు కాబట్టి స్టోర్ ఉన్నా పోయినా అది ఆడుతుంది. ‘ఎప్పుడైనా దించుకోవచ్చు కదా’ అని వదిలేసినవాళ్లకు మాత్రం కష్టార్జితం గాల్లో దీపమైంది. డిజిటల్ సరుకు కథే అంత. దుకాణం వాడి సర్వర్ మీద నమ్మకమే మన రసీదు.

రెండోది మాట తప్పారన్న బాధ. రోజూ అబద్ధాలు చెప్పే కంపెనీ ఇంకో అబద్ధం ఆడితే ఎవరూ పట్టించుకోరు. ‘మేం మిగతావాళ్లలా కాదు, కస్టమర్ పక్షం’ అని చెప్పుకున్న స్టోర్ ఆడితే గట్టిగా తగులుతుంది. ఎక్కువ బాధపడేది ఎక్కువ అభిమానించినవాళ్లే.

మూడోది ఎగతాళి. క్షమాపణ చెప్పేటప్పుడు వేషం ఎందుకు? నాలుగు రోజులు టెన్షన్ పడ్డవాడికి ఆ నవ్వు పుండు మీద కారమే.

‘అయితే ఏంది, స్టోర్ ఇప్పటికీ నడుస్తోంది కదా’ అని మీరు అడగొచ్చు. నిజమే, నడుస్తోంది. అందుకు కారణాలూ ఉన్నాయి. ఎవరి గేమూ పోలేదు, నిజం రోజుల్లోనే చెప్పారు, అడిగిన గేము తెచ్చారు. అంటే నిలబెట్టింది సరుకు, నాటకం కాదు. ఇంకో విషయం. ఎంతమంది చూశారు, ఎంతమంది షేర్ చేశారు అనేవి లెక్కకు దొరుకుతాయి. బ్యానర్ కింద నుంచి మాట్లాడకుండా పక్క దుకాణానికి పోయిన మా అమ్మ ఏ లెక్కలోనూ దొరకదు.

మన దగ్గరా తక్కువేం కాదు

2022 మే మొదట్లో హైదరాబాద్ రోడ్డు మీద నటుడు విశ్వక్ సేన్ కారుకు ఓ యువకుడు అడ్డం పడి, చచ్చిపోతానని హంగామా చేశాడు. ఆ వీడియో వైరల్ అయింది. తీరా చూస్తే అది ‘అశోకవనంలో అర్జున కళ్యాణం’ సినిమా కోసం చేసిన ప్రాంక్. ప్రచారం సంగతేమో గానీ, ఓ న్యాయవాది మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లారు. సినిమా కథ పక్కకు పోయి, ప్రాంక్ మీదే చర్చ నడిచింది.

ఉద్యోగం వెతుక్కునే మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ 2024 డిసెంబర్‌లో జరిగింది. ఇంటికొచ్చి బ్యూటీ సేవలందించే ‘యస్ మేడమ్’ కంపెనీ పేరుతో ఓ ఈమెయిల్ చక్కర్లు కొట్టింది. పనిలో ఒత్తిడి ఉందని సర్వేలో చెప్పినవాళ్లను తీసేస్తున్నామని అందులో ఉంది. దేశమంతా తిట్టిపోశాక, ఎవరినీ తీసేయలేదని, ఒత్తిడి సమస్య మీద దృష్టి పడాలని చేశామని కంపెనీ చెప్పి, క్షమాపణ కోరింది. ఉద్యోగం పోతుందన్న భయంతో బతికేవాళ్ల ముందు ఆడాల్సిన ఆటేనా అది?

చట్టం కూడా చూస్తూ ఊరుకోదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ‘ఇంక రెండే మిగిలాయి’ లాంటి దొంగ తొందర పెట్టడాన్ని కూడా 2023 నవంబర్‌లో వచ్చిన ‘డార్క్ ప్యాటర్న్స్’ మార్గదర్శకాలు తప్పుగా లెక్కించాయి. కస్టమర్‌గా మీకే ఇలా జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

నేను కట్టిన బ్యానర్

ఇప్పుడు నా సంగతి. హైదరాబాద్‌లో పోటీ పరీక్షల ఆన్‌లైన్ టెస్టులు అమ్మే ఓ చిన్న కంపెనీలో చేరాను. పని సోషల్ మీడియా. కొత్త యాప్ రాబోతోంది. ‘మా సేవలు ముగుస్తున్నాయి, ఇన్నాళ్లు తోడున్నందుకు థ్యాంక్స్’ అని పోస్ట్ పెడదామన్న ఐడియా నాదే. మరునాడు కొత్త యాప్ ప్రకటించాలని ప్లాన్. పోస్ట్ ఎప్పుడూ లేనంతగా తిరిగింది. ఆఫీసులో చప్పట్లు కొట్టారు.

సాయంత్రం సపోర్ట్ ఫోన్ ఎత్తే అమ్మాయి సెలవులో ఉంటే నేను ఎత్తాను. అవతల మా ఏరియా మాట. ‘అన్నా, మూడు నెలలకు పైసలు కట్టిన. పరీక్ష పది దినాలే ఉన్నది. ఇప్పుడు మూసేస్తే మేమేం కావాలె?’ అది ఉత్తదే తమ్మీ, ప్రచారం కోసం అని చెప్పాను. అతను తిట్టలేదు. కొంచెంసేపు ఆగి ‘పొద్దటిసంది పుస్తకం ముట్టలే అన్నా’ అని పెట్టేశాడు. రాత్రే పోస్ట్ తీసేసి, సూటిగా క్షమాపణ రాశాను. అతని ఆ రోజు చదువు మాత్రం నేను తిరిగి ఇవ్వలేను.

పోస్ట్ చేసే ముందు..

రేపు మీరూ ఆ కుర్చీలో కూర్చుంటారు. బాస్ ‘ఏదైనా షాకింగ్‌గా చెయ్’ అంటాడు. అప్పుడు ఈ నాలుగూ అడగండి.

1. దీన్ని నిజమని నమ్మినవాడికి డబ్బు, చదువు, ఉద్యోగం, ప్రాణం.. వీటిలో దేని గురించైనా భయం పుడుతుందా? పుడితే అక్కడే ఆపండి.

2. నిజం తెలిశాక కస్టమర్ మనతో కలిసి నవ్వుతాడా, మనం అతన్ని చూసి నవ్వినట్టు ఉంటుందా?

3. అబద్ధం లేకుండా ఇదే విషయం చెప్పలేమా? ‘రెండేళ్ల బీటా అయిపోయింది, మీరు అడిగిన గేము వచ్చింది’ అంటే చాలదా?

4. సపోర్ట్ ఫోన్లు ఎత్తేవాళ్లకు చూపించారా? తిట్లు ముందు తినేది వాళ్లే.

వద్దని చెప్పడానికి ఫ్రెషర్‌కు భయమేస్తుంది, నిజమే. ‘వద్దు సార్’ అని ఆపేయకుండా, మూడో ప్రశ్నకు జవాబును చేతిలో పట్టుకుని వెళ్లండి. ‘సార్, ఇలా రాస్తే ఎట్లుంటది?’ అని రెండో డ్రాఫ్ట్ ముందు పెట్టండి. ఇంటర్వ్యూలో వైరల్ ప్రశ్న వచ్చినప్పుడూ జీఓజీ కథ చెప్పి, మీరైతే ఆ ఆదివారం సైటులో ఏం రాసేవాళ్లో నాలుగు లైన్లలో చెప్పండి. ఆ నాలుగు లైన్లు ఇవాళే ఓ కాగితం మీద రాసి చూడండి.