మీకు తెలుసా? కొండెక్కే రన్‌వే!

ఫ్రాన్స్‌లో కూర్షెవెల్ అని ఓ మంచుకొండల ఊరుంది. అక్కడి రన్‌వే పొడవెంతో చెప్పుకోండి చూద్దాం! 537 మీటర్లు! మన శంషాబాద్ రన్‌వేలో ఎనిమిదో వంతు! డబ్బున్నోళ్లు సొంత చిన్న విమానాల్లో వచ్చి దానిమీదే దిగిపోతుంటారు!

ఆగండి, అసలు సంగతి చెప్పనేలేదు. ఆ రన్‌వే కొండమీదికి ఎగబాకుతుంది! వాలు 18.5 శాతం! దిగడమేమో ఎత్తుకెక్కుతూ, ఎగరడమేమో పల్లానికి పరుగెడుతూ! అంతా తిరకాసే!

చివర కొండే అడ్డం. దిగడం కుదరలేదు, ఓ చుట్టు తిరిగొద్దామంటే దారి లేదు! ఛాన్సు ఒక్కటే, అంతే! అందుకే పైలట్ మామూలు లైసెన్సు చూపిస్తే సరిపోదు, ప్రత్యేక అనుమతి కావాలి.

రన్‌వే ఎగువకు వాలి ఉంటే పైలట్ కన్నే మోసం చేస్తుంది, తెలుసా? ఇంకా చాలా ఎత్తులో ఉన్నాననిపిస్తుంది! గబగబా కిందికి దించేస్తాడు. విమానం రన్‌వే అంచుకు ముందే నేలకు కొట్టుకోవచ్చు! వాలు కాస్త ఉన్నా ఈ మాయ మొదలు!

పైగా కూర్షెవెల్ ఎత్తులో గాలి పలచన. మీటరులో ముల్లు మామూలు వేగమే చూపిస్తుంది. విమానం మాత్రం 10 శాతం ఎక్కువ జోరుగా దూసుకొస్తుంటుంది!

2019 ఫిబ్రవరిలో అక్కడే ఓ చిన్న విమానం దిగింది. అంత ఎత్తెక్కినా ఆగలేదు! చివరనున్న మంచుగుట్టలోకి ముక్కు దూర్చేసింది! అదృష్టం చూడండి, లోపలున్న ఐదుగురూ బతికారు!

ఇదంతా ఒక ఎత్తు, పైలట్ ఆన్రీ జిరో ఒక ఎత్తు! 1960లో ఆయన చిన్న విమానాన్ని ఏకంగా మోంబ్లాంక్ శిఖరం మీదే దించాడు! రన్‌వే లేదు, పాడూ లేదు. మంచే!

అలాస్కా పైలట్లు మరీ గడుగ్గాయిలు! అతి తక్కువ చోటులో విమానం దించే 2018 వాల్డీజ్ పోటీలో డాన్ రేనాల్డ్స్ విమానం నేల తాకాక 3 మీటర్లలోపే ఆగింది! దాదాపు మన ఆటో నిలిపేంత చోటు! అక్కడి విమానాలకు బూరెల్లా ఉబ్బిన టైర్లు వేస్తారు. ఏటి ఒడ్డున దిగేటప్పుడు చిన్న చక్రమైతే గులకరాళ్లలో ఇరుక్కోవచ్చు, విమానం ముక్కు మీద తిరగబడొచ్చు!

ఇక స్కాట్లాండ్‌లోని బారా దీవిలో సముద్రపు ఇసుకే రన్‌వే! రోజుకు 2 సార్లు నీళ్లలో మునిగిపోతుంది! అక్కడ విమానాల టైమ్‌టేబుల్ వేసేది ఆటుపోట్లే!