నోటీసు గడువే శ్రీరామరక్ష

* ఫ్రీలాన్స్ ఒప్పందాల్లో ఆ నిబంధనే కీలకం
* సంతకానికి ముందే సరిచూసుకోవాలి

తెనాలి: ఉదయాన్నే కంప్యూటరు ముందు కూర్చుంటే లాగిన్ తెరుచుకోదు. ‘రేపటి నుంచి మీ సేవలు అవసరం లేదు’ అంటూ రెండు ముక్కల మెయిల్ కనిపిస్తుంది. చిన్న పట్టణాల్లో ఇంటి వద్ద నుంచే నగరాల్లోని సంస్థలకు డీటీపీ, అనువాదం, వీడియో ఎడిటింగ్, అకౌంట్ల పనులు చేసిపెట్టే యువతకు ఎదురయ్యే ఇక్కట్లివి. పని ఆగినా కంప్యూటరు కోసం తెచ్చిన అప్పు వాయిదా ఆగదు. అలాంటి వేళ చేతికి ఎంత సొమ్ము వస్తుందన్నది ఒప్పందంలోని నోటీసు గడువుపైనే ఆధారపడి ఉంటుంది. పారితోషికం అంకె చూసి సంతకం చేసేవారు ఈ నిబంధనను పట్టించుకోక నష్టపోతున్నారు.

కార్మిక చట్టం వర్తించదు

ఏడాదిపాటు నిరంతరాయంగా పనిచేసిన కార్మికుని తొలగించాలంటే యాజమాన్యం నెల రోజుల ముందు కారణాలతో నోటీసు ఇవ్వాలి, లేదా నెల వేతనం చెల్లించాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ రక్షణ, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ కొనసాగుతోంది. ఫ్రీలాన్సరు ఉద్యోగి కాదు కనుక ఇది వర్తించదు. వారికి 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టమే ఆధారం. కాగితంపై ‘ఫ్రీలాన్సర్’ అని రాసినా హాజరు, పనివేళలు, సెలవులు అన్నీ సంస్థ అదుపులోనే ఉంటే న్యాయస్థానం పేరును కాక వాస్తవ సంబంధాన్ని పరిశీలిస్తుంది.

గడువే పరిహారానికి కొలత

30 రోజుల నోటీసుతో రద్దు చేసుకోదగిన ఒప్పందాన్ని అర్ధాంతరంగా తెంచినా, ఆ 30 రోజుల ఆదాయ నష్టమే పరిహారమని ఇండియన్ ఆయిల్ కార్పొరేషన్ - అమృత్‌సర్ గ్యాస్ సర్వీస్ కేసులో సుప్రీంకోర్టు 1990లో తేల్చింది. అది గ్యాస్ పంపిణీదారు వివాదమే అయినా ఫ్రీలాన్సర్లకూ అందులో పాఠం ఉంది. నెలకు రూ.18 వేలు పొందే వ్యక్తి ఒప్పందంలో 30 రోజులని ఉంటే రూ.18 వేలు, 7 రోజులని ఉంటే రూ.4,200 మాత్రమే అడగగలరు. గడువు ప్రస్తావనే లేకపోతే సహేతుకమైన వ్యవధి ఎంతో న్యాయస్థానమే నిర్ణయించాలి. అందుకు ఏళ్లు పట్టవచ్చు.

పేజీకి ఇంత, నిమిషానికి ఇంత అని లెక్కగట్టే పనుల్లో మరో చిక్కుంది. సంస్థ నెల రోజుల నోటీసు ఇచ్చి, ఆ నెలలో పని ఇవ్వకపోతే వచ్చేది సున్నా. నోటీసు కాలంలో పని ఇవ్వని పక్షంలో గత మూడు నెలల సగటు మొత్తం చెల్లించాలన్న వాక్యాన్ని ముందే చేర్పించుకోవడం మేలు.

రెండు వైపులా సమానమేనా?

సంస్థ 7 రోజుల్లో తప్పుకోవచ్చని, ఫ్రీలాన్సరు మాత్రం 60 రోజులు ఆగాలని కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. రెండు పక్షాలకూ ఒకే గడువు కోరాలి. మధ్యలో మానేస్తే భారీ జరిమానా అని రాసినా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ మొత్తానికి మించకుండా సహేతుకమైన పరిహారమే దక్కుతుంది. వ్యక్తిగత నైపుణ్యంతో చేసే పనిని బలవంతంగా కొనసాగించమని న్యాయస్థానం ఆదేశించదు.

యాప్‌ల ద్వారా డెలివరీ, క్యాబ్ పనులు చేసేవారి విషయంలో కర్ణాటక ముందడుగు వేసింది. అక్కడి 2025 చట్టం ప్రకారం గిగ్ కార్మికుని తొలగించాలంటే రాతపూర్వక కారణాలతో 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. బెంగళూరులో ఈ పనులు చేసే తెలుగువారికీ ఇది వర్తిస్తుంది.

బకాయి రాకపోతే..

* నోటీసును ఫోనులో కాక మెయిల్ లేదా స్పీడు పోస్టులో, తేదీ వేసి పంపాలి. రసీదు దాచుకోవాలి.
* పని అప్పగించిన ప్రతిసారీ బిల్లు పంపి, అందినట్లు జవాబు తీసుకోవాలి.
* ‘ఉద్యమ్’ నమోదు ఉచితం. పని మొదలుపెట్టకముందే సేవా సంస్థగా నమోదైతే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం కింద బిల్లు 45 రోజుల్లోపు చెల్లించాలి. జాప్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కోరవచ్చు. ఫిర్యాదును ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారిస్తుంది.
* బకాయి దావాకు సాధారణంగా మూడేళ్లే గడువు.
* మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచిత సాయం అందిస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. సంస్థకు తమ అవసరం ఉన్న తొలిరోజునే, సంతకానికి ముందు, నోటీసు గడువును అడిగి రాయించుకోవాలి.