బ్రెడ్ యంత్రానికీ ఎండదెబ్బ

పిండి, నీళ్లు, ఉప్పు, పంచదార, ఈస్ట్ గిన్నెలో వేసి మీట నొక్కితే నాలుగు గంటల్లో వేడివేడి బ్రెడ్ చేతికి అందుతుందన్నది ఇంటి బ్రెడ్ యంత్రం ఇచ్చే హామీ. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ హామీ చాలావరకు నెరవేరుతుంది. మార్చి దాటిందంటే కథ మారుతుంది. అదే యంత్రం, అదే పిండి, అదే కొలత. అయినా బ్రెడ్ నడినెత్తిన గుంట పడి, పక్కలు కుంగి, పుల్లటి వాసనతో బయటకు వస్తుంది. రెండు మూడు సార్లు ఇలా జరిగాక యంత్రం చెడిపోయిందని నిర్ధారించుకుని దాన్ని అటకెక్కించే కుటుంబాలు తక్కువేమీ కాదు. నిజానికి చెడింది యంత్రం కాదు. యంత్రం గడియారాన్ని బట్టి నడుస్తుంది, పిండి వేడిని బట్టి పులుస్తుంది. వేసవిలో ఈ రెండింటికీ పొంతన కుదరదు.

ఇడ్లీ పిండి రుబ్బుకునే ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు. చలికాలంలో రాత్రి రుబ్బి పెట్టిన పిండి తెల్లవారినా పొంగదు. గిన్నెకు దుప్పటి చుట్టడమో, పొయ్యి పక్కన పెట్టడమో చేయాలి. ఎండాకాలంలో అదే పిండి అర్ధరాత్రికే అంచు దాటి గట్టు మీదికి పొర్లుతుంది. అందుకే వేసవిలో ఇల్లాలు ఆలస్యంగా రుబ్బుతుంది, పొంగీ పొంగకముందే ఫ్రిజ్‌లోకి చేరుస్తుంది. ఆమె కన్ను చేసే ఈ పని యంత్రానికి చేతకాదు. మొదటి పొంగుకు ఇన్ని నిమిషాలు, రెండో పొంగుకు ఇన్ని నిమిషాలని అందులో రాసిపెట్టి ఉంటుంది. బయట మే నెల అయినా, మాఘమాసం అయినా దానికి ఒకటే లెక్క.

వేడి చేయడమే తెలుసు

పైకి ఎంత హంగుగా కనిపించినా లోపల ఉండేవి కొద్ది భాగాలే. ఒక అల్యూమినియం గిన్నె, దాని అడుగున తిరిగే తెడ్డు, చుట్టూ హీటర్ తీగ, వేడిని గమనించే చిన్న సెన్సర్, వీటిని నడిపే చిప్. తెడ్డు 20 నుంచి 30 నిమిషాలు పిండిని మర్దిస్తుంది. తరువాత పిండి పొంగుతుంది. తెడ్డు మళ్లీ కాసేపు తిరిగి లోపలి గాలిని తీసేస్తుంది. పిండి రెండోసారి పొంగాక హీటర్ పూర్తిగా వెలిగి 50 నుంచి 60 నిమిషాల్లో బ్రెడ్‌ను కాలుస్తుంది. పొంగే దశలో లోపలి వేడి 30 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉండేలా హీటర్ అప్పుడప్పుడు వెలిగి ఆరుతుంటుంది. గది చల్లగా ఉంటే ఈ ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగే లంబసింగి వంటి మన్యం ఊళ్లలో కూడా బ్రెడ్ పొంగుతుంది. గది తానే 38 డిగ్రీలు ఉంటే మాత్రం యంత్రం చేయగలిగింది లేదు. దానికి వేడి చేయడం తెలుసు, చల్లార్చడం తెలియదు.

మైదాలో నీళ్లు పోసి మర్దించినప్పుడు అందులోని మాంసకృత్తులు కలిసి సాగే గుణమున్న వల అల్లుకుంటాయి. దీనినే గ్లూటెన్ అంటారు. ఈస్ట్ చక్కెరను తిని వదిలే కార్బన్ డయాక్సైడ్ వాయువు ఆ వలలో చిక్కుకుంటే పిండి ఉబ్బుతుంది. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే పులిసే వేగం దాదాపు రెట్టింపవుతుంది. గంటన్నరలో రావలసిన పొంగు 45 నిమిషాల్లోనే వచ్చేస్తే, మిగిలిన 45 నిమిషాలూ వల సాగుతూనే ఉంటుంది. కాల్చే వేళకు అది బుడగలో పల్చబడిన రబ్బరులా తయారవుతుంది. హీటర్ వెలగగానే లోపలి వాయువు ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, వల తెగుతుంది, బ్రెడ్ నడుమ కుంగుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అక్కడ మధ్యాహ్నం వేళ యంత్రం పుస్తకంలోని కొలతతో మంచి బ్రెడ్ రావడం అదృష్టం మీద ఆధారపడిన విషయమే.

ఒసాకాలోనూ ఇదే చిక్కు

ఈ ఇబ్బంది యంత్రాన్ని రూపొందించిన వారికి తెలియనిది కాదు. ఇప్పుడు పానాసోనిక్‌గా పిలుస్తున్న జపాన్ సంస్థ మాత్సుషితా ఎలక్ట్రిక్ 1985లో ఇంటి బ్రెడ్ యంత్రం తయారీపై కృషి చేస్తోంది. తొలి నమూనాల్లో పైపెచ్చు మాడిపోయేది, లోపల పచ్చిగానే ఉండేది. యంత్రం కలిపిన పిండికీ, చేయి తిరిగిన రొట్టెల పనివారు కలిపిన పిండికీ ఎక్స్‌రేలు తీసి పోల్చి చూసినా ఫలితం లేకపోయింది. చివరకు సాఫ్ట్‌వేర్ నిపుణురాలు ఇకుకో తనకా, ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌లోని ప్రధాన రొట్టెల నిపుణుడి వద్ద శిష్యరికం చేశారు. ఆయన పిండిని కేవలం పిసకడం కాక, ఒక తీరులో మెలితిప్పి సాగదీస్తున్నాడని గ్రహించారు. ఆ కదలిక రావడానికి గిన్నె లోపలి గోడలకు గట్లు పెట్టారు. 1987లో విపణిలోకి వచ్చిన ఆ యంత్రం తొలి ఏడాదిలోనే రికార్డు స్థాయిలో అమ్ముడుపోయింది. ఆచార్యుడు ఇకుజిరో నొనాకా రచనల ద్వారా ఈ వృత్తాంతం ప్రపంచానికి తెలిసింది.

మెలితిప్పే కథకు వచ్చినంత పేరు దాని తరువాత జరిగిన దానికి రాలేదు. తెలుగు జిల్లాల వంటగదికి అసలు పనికివచ్చేది ఆ రెండో కథే. వేసవిలో పిండి అతిగా పులియకుండా యంత్రంలో చల్లబరిచే పరికరం పెట్టాలని మొదట అనుకున్నారు. దానితో ఖర్చు బాగా పెరిగింది. అప్పుడు పాతకాలపు పద్ధతి ఒకటి వారికి అక్కరకు వచ్చింది. వేడిని అదుపుచేసే సాధనాలు లేని రోజుల్లో పనివారు ఈస్ట్‌ను మొదట్లో కలపకుండా, పిండి కొంత మర్దన అయ్యాక ఆలస్యంగా చేర్చేవారు. ఈస్ట్‌కు దొరికే సమయం తగ్గితే అతిగా పులియడమూ తగ్గుతుంది. అలా చల్లబరిచే పరికరం అవసరం తప్పింది. ఖర్చూ తగ్గింది. కొన్ని యంత్రాల మూతలో ఈస్ట్ కోసం కనిపించే ప్రత్యేకమైన చిన్న అర ఈ ఆలోచన ఫలితమే.

ఆ అర లేని యంత్రాల్లోనూ ఈ పద్ధతిని అనుసరించవచ్చు. ఈస్ట్ వేయకుండానే యంత్రాన్ని నడిపి, రెండో విడత మర్దన మొదలయ్యాక మూత తీసి ఇన్‌స్టంట్ ఈస్ట్‌ను పిండిపై చల్లితే సరిపోతుంది. గోరువెచ్చని నీటిలో నానబెట్టవలసిన గుళికల ఈస్ట్ దీనికి పనికిరాదు.

నీటి లెక్క

అన్నిటికన్నా తేలికైన ఉపాయం నీళ్లలో ఉంది. జపాన్‌లో అమ్మే యంత్రాలతో వచ్చే పుస్తకాల్లో గది 25 డిగ్రీలు దాటితే 5 డిగ్రీల చల్లని నీరు పోయమని ఉంటుంది. కోస్తాలో పౌషమాసం మధ్యాహ్నాలు కూడా 25 దాటుతాయి. అంటే ఆ పుస్తకం ప్రకారం ఇక్కడ దాదాపు ఏడాది పొడవునా ఫ్రిజ్ నీరే వాడాలి. వేసవిలో మేడ మీది ట్యాంకు నుంచి కుళాయిలో వచ్చే నీరు స్నానానికే వేడిగా ఉంటుంది. దానిని నేరుగా పిండిలో పోయడం పొరపాటు.

బేకరీ వృత్తిలో ఉన్నవారు నీరు ఎంత చల్లగా ఉండాలో ఒక చిన్న లెక్కతో తేల్చుకుంటారు. మర్దన పూర్తయ్యేసరికి పిండి 26 డిగ్రీలు ఉండాలనుకుంటే, 26ను మూడుతో హెచ్చవేయాలి. 78 వస్తుంది. అందులోంచి గది వేడినీ, పిండి వేడినీ, తెడ్డు రాపిడితో పుట్టే వేడినీ తీసివేస్తే మిగిలేదే నీటి ఉష్ణోగ్రత. రాపిడికి 8 డిగ్రీలు అనుకుందాం. మార్చిలో గది 30, డబ్బాలోని పిండి 29 ఉంటే మిగిలేది 11. ఫ్రిజ్ నీటికి కాస్త మామూలు నీరు కలిపితే చాలు. మే నెలలో గది 36, పిండి 35 అయితే లెక్క సున్నా కన్నా కిందికి పోతుంది. అంటే ఎంత చల్లని నీరు పోసినా సరిపోదు. అప్పుడు చేయవలసింది పిండినే ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టడం. పిండి 8 డిగ్రీలకు దిగితే నీరు 26 ఉన్నా సరిపోతుంది. మంచు ముక్కలు వేయదలిస్తే వాటిని చితక్కొట్టి, నీటి కొలతలోనే కలిపి తూచాలి. పెద్ద ముక్కలు గిన్నె లోపలి నాన్‌స్టిక్ పూతను గీరేస్తాయి.

పిండి చల్లగా మొదలైనా పొంగే గంటల్లో గది వేడి దాన్ని వదలదు. అందుచేత వేసవిలో తెల్లవారుజామునే యంత్రాన్ని మొదలుపెట్టడం, తక్కువ సమయం తీసుకునే ప్రోగ్రామ్ ఎంచుకోవడం, ఈస్ట్‌ను పావు వంతు తగ్గించడం మేలు. పొయ్యి పక్కన, ఫ్రిజ్ నెత్తిన యంత్రాన్ని ఉంచరాదు. ఉప్పు ఈస్ట్‌కు కళ్లెం వంటిది. రక్తపోటు ఉన్నవారి కోసం ఉప్పు పూర్తిగా మానేస్తే పొంగు అదుపు తప్పుతుంది. తగ్గించవచ్చు గానీ తీసివేయకూడదు.

కప్పు కాదు, తక్కెడ

విదేశీ పుస్తకాల్లోని కొలతలు మాంసకృత్తులు ఎక్కువగా ఉండే బ్రెడ్ పిండిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. కిరాణా దుకాణంలో దొరికే మైదా సాధారణంగా అంతకన్నా బలహీనం, నీటిని తక్కువ పీల్చుకుంటుంది. మరపట్టించిన గోధుమపిండి ఇందుకు విరుద్ధం. రాళ్ల మధ్య నలిగిన పిండిపదార్థం, పొట్టు కలిసి నీటిని బాగా తాగుతాయి. 400 గ్రాముల మైదాకు 250 మిల్లీలీటర్ల నీరు, 20 గ్రాముల వెన్న లేదా నూనె, 20 గ్రాముల పంచదార, 7 గ్రాముల ఉప్పు, 4 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ మంచి ఆరంభం. ఎండాకాలంలో ఈస్ట్ 3 గ్రాములే. మొత్తం గోధుమపిండితోనే చేస్తే నీరు 290 వరకు పడుతుంది. బ్రెడ్ కొంత బిగువుగా, తక్కువ ఎత్తుగా వస్తుంది. పొట్టు గ్లూటెన్ వలను తెంపడమే అందుకు కారణం. సగం సగం కలపడం చాలా ఇళ్లకు నచ్చే మధ్యేమార్గం.

మర్దన మొదలైన పది నిమిషాలకు ఒకసారి మూత తీసి చూడడం తప్పేమీ కాదు. పిండి గోడలకు అంటకుండా ముద్దగా తిరుగుతుండాలి. పూరీ పిండి కన్నా మెత్తగా, బొబ్బట్లకు నానబెట్టే మైదా కన్నా గట్టిగా ఉంటే సరైన పాకం. పొడిగా ఉంటే చెంచాడు నీళ్లు, జారుగా ఉంటే చెంచాడు పిండి వేసి సరిచేయవచ్చు.

అమెరికా నుంచి వచ్చిన యంత్రం

కొడుకో కూతురో సెలవులకు వస్తూ అమెరికా నుంచి తెచ్చిన యంత్రాలు మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఉన్నాయి. అవి 120 వోల్టుల విద్యుత్తు కోసం తయారైనవి. ఇక్కడి సరఫరా 230 వోల్టులు. ప్లగ్ మార్చే అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు. నేరుగా పెడితే హీటర్ దాదాపు నాలుగింతల విద్యుత్తు లాగి, కన్ను మూసి తెరిచేలోగా సర్క్యూట్ కాలిపోతుంది. నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. యంత్రం అడుగున 550 వాట్లని రాసి ఉంటే కనీసం 1,000 వీఏ సామర్థ్యం ఉన్నది తీసుకోవాలి. ప్రయాణాల కోసం అమ్మే చిన్న కన్వర్టర్లు చిప్ ఉన్న పరికరాలకు తగినవి కావు.

కరెంటు పోతే ఏం చేయాలన్నది మరో చిక్కు. కొన్ని యంత్రాలు కొద్ది నిమిషాలపాటు ఆగిన చోటును గుర్తుంచుకుంటాయి, కొన్ని అదీ చేయవు. మర్దన దశలో ఆగితే మళ్లీ మొదటినుంచి నడపవచ్చు. పొంగే దశలో ఆగితే కంగారు అక్కరలేదు. పిండి తనంతట తానే పొంగుతుంది, కరెంటు వచ్చాక కాల్చే ప్రోగ్రామ్ మాత్రమే నొక్కాలి. ఆలస్యమైతే పిండిని తీసి చపాతీలుగా ఒత్తి పెనం మీద కాల్చుకోవచ్చు.

రాత్రి పదార్థాలు వేసి తెల్లవారేసరికి బ్రెడ్ తయారయ్యేలా టైమర్ పెట్టేవారు పాలు, గుడ్లు వేయకూడదు. వేడి గదిలో గంటల తరబడి నిలిచిన పాలు విరిగిపోవడమే కాక, హానికర క్రిములకు నెలవవుతాయి. పాలపొడి వాడితే ఆ బెడద ఉండదు.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న సహజమే. బేకరీ బ్రెడ్‌పై అనుమానాలు బలపడింది 2016 మేలో. ఢిల్లీకి చెందిన సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పరీక్షించిన 38 నమూనాల్లో 84 శాతంలో పొటాషియం బ్రోమేట్ గానీ, అయోడేట్ గానీ ఉన్నట్లు వెల్లడైంది. అదే ఏడాది కేంద్ర ఆహార భద్రత ప్రాధికార సంస్థ బ్రోమేట్‌ను అనుమతించిన పదార్థాల జాబితా నుంచి తొలగించింది. ఇంట్లో చేస్తే ఏం వేశామో తెలుస్తుంది, అంతవరకు నిజం. జ్వరం వచ్చిన వారికి పాలలో ముంచి పెట్టే బ్రెడ్ విషయంలో ఆ భరోసా చిన్నదేమీ కాదు. మైదా మాత్రం ఇంట్లోనూ మైదానే. మధుమేహం ఉన్నవారికి ఇంటి బ్రెడ్ అయినంత మాత్రాన మినహాయింపు లేదు.

బేకరీ బ్రెడ్‌లో బూజును ఆపే కాల్షియం ప్రొపియోనేట్ వంటివి ఉంటాయి. ఇంటి బ్రెడ్‌లో ఉండవు. తీరప్రాంతపు తేమలో రెండో రోజుకే బూజు కనిపించవచ్చు. వేసవిలో మరో చెడు పొంచి ఉంటుంది. పైకి బాగానే ఉన్న బ్రెడ్‌ను విరిస్తే లోపల జిగటగా తీగలు సాగుతూ, మరీ మగ్గిన పండు వాసన వస్తుంది. పిండిలో ఉండే ఒక రకం సూక్ష్మజీవుల బీజాలు కాల్చే వేడికీ చావక, తరువాత మొలకెత్తడం వల్ల ఇలా జరుగుతుంది. అటువంటి బ్రెడ్‌ను కాల్చి తినడం, పశువులకు పెట్టడం కూడా వద్దు, పారేయాలి. గిన్నెను, తెడ్డును వెనిగర్ నీటితో కడగాలి. తరువాతి విడత పిండిలో ఒక చెంచా వెనిగర్ కలిపితే దాని ఉధృతి తగ్గుతుంది. మంచి బ్రెడ్‌ను పూర్తిగా చల్లారాకే కోయాలి. ఆ పూటకు మిగిలిన ముక్కలను ఫ్రిజ్ అరలో పెడితే త్వరగా బిరుసెక్కుతాయి. పైనున్న ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు ఒక్కొక్కటి తీసి పెనం మీద వేడిచేసుకోవాలి. బిరుసెక్కిన చివరి ముక్కలు నేతిలో వేగి డబుల్ కా మీఠాకు బాగా పనికివస్తాయి.