వెబ్‌సైటు నిర్మాణం – స్వయంకృషి, నిపుణుని సాయం

1991లో టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయం నుండి తొలి వెబ్‌సైటును లోకానికి అందించాడు. ఆనాడు శాస్త్రజ్ఞులకే పరిమితమైన ఆ విద్య నేడు చిరువ్యాపారికి సైతం అందుబాటులోకి వచ్చింది. పోచంపల్లిలోని ఒక చేనేత కళాకారుడు తన ఇక్కత్ చీరలను దూరప్రాంతాల వారికి చూపదలచాడనుకొందాం. వెబ్‌సైటును అతడు తానే నిర్మించుకోవాలా? నిపుణునికి అప్పగించాలా?

చీరల ఛాయాచిత్రాలు, ధరలు, దుకాణం చిరునామా తెలపడమే ప్రయోజనమైతే స్వయంగా నిర్మించుకోవచ్చు. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో, ప్రోగ్రామింగ్ భాష తెలియకున్నా పుటలను తీర్చిదిద్దవచ్చు. డొమైన్ పేరు అనే అంతర్జాల చిరునామాకు, సర్వరులో స్థలానికి మాత్రం రుసుము చెల్లించాలి. ఈ పద్ధతిలో ధనం మిగులుతుంది, కాలం వ్యయమవుతుంది. మగ్గం వద్ద గడపవలసిన గంటలన్నీ కంప్యూటరు ముందు గడచిపోతే, మిగిలిన ధనం లాభం కానేరదు.

కొనుగోలుదారుల నుండి ఆన్‌లైనులో డబ్బు స్వీకరించి, వారి వివరాలను భద్రపరచవలసి వస్తే నిపుణుని ఆశ్రయించడమే శ్రేయస్కరం. అక్కడ జరిగే చిన్న పొరపాటు పరుల సొమ్ముకు ముప్పు తెస్తుంది.

అయితే ఒక జాగ్రత్త అవశ్యం. నిపుణుడు డొమైన్ పేరును తన పేరిట నమోదు చేసుకొంటే, అతనితో సంబంధం తెగిననాడు కళాకారుడు తన చిరునామానే కోల్పోవచ్చు. ఇల్లు కట్టేది మేస్త్రి అయినా దస్తావేజు యజమాని పేరనే ఉండాలి కదా! కనుక నిర్మాణం ఎవరిదైనా, డొమైన్ నమోదు, పాస్‌వర్డులు యజమాని అధీనంలోనే ఉండాలి. పనిని అప్పగించవచ్చు, యాజమాన్యాన్ని అప్పగించరాదు.