హాలు కిటికీకి ఎంత బట్ట కావాలి?

మన వైపు ఇళ్లలో హాలుకు తరచుగా పెట్టే కిటికీ 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. పైఅంచు నేల నుంచి 7 అడుగుల దగ్గర, అంటే గుమ్మం పైఅంచుకు సమానంగా ఉంటుంది. కింది అంచు 3 అడుగుల దగ్గర. ఈ కథనంలో లెక్కలన్నీ ఈ కిటికీకే. మీ ఇంటి కిటికీ వేరైతే కొలతలు మార్చుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

సిరిమానోత్సవానికి చుట్టాలొస్తున్నారనో, ఇంట్లో పెళ్లి కుదిరిందనో నెల్లిమర్ల నుంచి విజయనగరం గంటస్తంభం వైపు వెళ్లి రెడీమేడ్ కర్టెన్ల జత తెచ్చుకుంటాం. ఒక్కో కర్టెన్ వెడల్పు 4 అడుగులు. రెండూ కలిపితే 8. కిటికీ 5 అడుగులే కాబట్టి ఇంకా మిగులుతుందనుకుంటాం. తీరా తగిలించాక కుచ్చిళ్లు పడవు. చదునుగా వేలాడతాయి. మధ్య సందులోంచి ఎండ వచ్చి టీవీ మీద పడుతుంది. డిజైను బాగాలేదనో, రంగు నప్పలేదనో అనుకుంటాం. చాలాసార్లు డిజైనుదీ రంగుదీ ఏ పాపమూ ఉండదు. బట్ట చాలలేదు, అంతే.

ఎందుకు చాలలేదో చూద్దాం. కర్టెన్ వెడల్పును కిటికీతో కాదు, రాడ్డుతో కొలవాలి. కిటికీకి అటు 6 అంగుళాలు, ఇటు 6 అంగుళాలు రాడ్డు ఎక్కువ ఉండాలి. లేకపోతే పక్కల నుంచి ఎండ దూరుతుంది, కర్టెన్లు పక్కకు జరిపినా గాజు సగం మూసే ఉంటుంది. 60 అంగుళాల కిటికీకి 72 అంగుళాల రాడ్డు అన్నమాట. ఇప్పుడు ఆ జత కర్టెన్ల 96 అంగుళాలను 72తో భాగిస్తే 1.33. కుచ్చిళ్లు నిండుగా పడాలంటే రాడ్డు పొడవుకు రెట్టింపు బట్ట ఉండాలి. ఒకటిన్నర రెట్లు ఉంటే ఫరవాలేదనిపిస్తుంది. అంతకన్నా తగ్గితే మూసినప్పుడు మడత కనిపించదు.

రెట్టింపు అంటే 144 అంగుళాలు. 4 అడుగుల కర్టెన్లు సరిగ్గా మూడు. మూడింటిని రెండు వైపులకు ఎలా పంచాలన్నది చిన్న చిక్కే. సాధారణంగా ఒక్కో రెడీమేడ్ కర్టెన్‌కు 8 రింగులుంటాయి. మూడోదాన్ని మధ్యకు కోసి చెరో ముక్కా చెరో వైపు అతికించమని టైలరుకు ఇస్తే ఒక్కో వైపు 12 రింగులు వస్తాయి. రింగుల సంఖ్య సరిసంఖ్యే ఉండాలి. అప్పుడే రెండు అంచులూ గోడవైపు తిరిగి, బయటికి ఎగదన్నకుండా కుదురుగా నిలబడతాయి. కోసేముందు టైలరుకు ఈ ఒక్క మాట చెప్పి మరీ ఇవ్వండి.

డబ్బు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. కర్టెన్ ఒకటి 600 చొప్పున రెండు కొన్నా 1200, 400 చొప్పున మూడు కొన్నా 1200. ఆ రెండింటిలో నేనైతే ఎప్పుడూ మూడే కొనమంటాను. మామూలు బట్ట నిండుగా వేలాడితే వచ్చే అందం ఖరీదైన బట్ట చాలీచాలకుండా వేలాడితే రాదు.

పొడవు దగ్గర మరో లెక్క ఉంది. మార్కెట్‌లో రెడీమేడ్ కర్టెన్లు 5, 7, 9 అడుగుల పొడవుల్లో దొరుకుతాయి. 5 కిటికీకి, 7 గుమ్మానికి, 9 పొడవాటి తలుపులకు. రాడ్డును కిటికీ పైఅంచుకు 6 అంగుళాలు పైన, అంటే 7 అడుగుల 6 అంగుళాల దగ్గర బిగించారనుకుందాం. రింగు పైన బట్ట అంగుళంన్నర లేస్తుంది. 5 అడుగుల కర్టెన్ కింది అంచు నేల నుంచి 31.5 అంగుళాల దగ్గర ఆగుతుంది. కిటికీ కింది అంచు 36 అంగుళాల దగ్గర కాబట్టి నాలుగున్నర అంగుళాలు దిగువకు వచ్చినట్టే. బాగా సరిపోయింది. అదే వరుసలో గుమ్మానికి 7 అడుగులది వేస్తే నేలకు ఏడున్నర అంగుళాలు పైనే ఆగిపోయి పొట్టిబారిన పంచెలా కనిపిస్తుంది. కిటికీకీ గుమ్మానికీ ఒకే ఎత్తున రాడ్డు కావాలనుకుంటే గుమ్మానికి 9 అడుగులది కొని, కింద 17 అంగుళాలు తీయించి మడత కుట్టించాలి. అలా కాకపోతే గుమ్మం రాడ్డును చట్రానికి ఆనుకుని అంగుళం పైన బిగించాలి.

బట్ట కొని కుట్టించుకుంటే మీటర్ల లెక్క ఇలా వేయాలి. కిటికీకైనా సరే, హాలులో నేలదాకా జారే కర్టెన్లు గదిని ఎత్తుగా చూపిస్తాయి. నేలకు అంగుళం పైన ఆగేలా చూస్తే తయారైన పొడవు 90 అంగుళాల పైచిలుకు. పైన రింగుల పట్టీకి నాలుగున్నర, కింద మడతకు 5 కలిపితే 100. నూలు బట్ట ఉతికితే నూటికి 3 నుంచి 5 వంతులు కుంచించుకుపోతుంది. దానికింకో 5 అంగుళాలు. మొత్తం 105 అంగుళాలు, అంటే 2.67 మీటర్లు. పన్నా, అంటే బట్ట వెడల్పు, 54 అంగుళాలైతే పక్క కుట్లకు నాలుగు పోయి 50 మిగులుతుంది. మూడు పన్నాలకు 150. 72 అంగుళాల రాడ్డుకు రెట్టింపు పైనే. 2.67ను మూడుతో హెచ్చిస్తే 8 మీటర్లు. ఒక్క కిటికీకి 8 మీటర్లు! కొట్లో ఈ అంకె విన్నాక చాలామంది ఆరు చాల్లెమ్మని తగ్గించేస్తారు. తగ్గించకండి. తగ్గించాలనుంటే మీటరు ధర తగ్గించండి. పన్నా కూడా అడిగి తెలుసుకోండి. అదే మూడు పన్నాలు 48 అంగుళాలవైతే కుట్లు పోగా 132 అంగుళాలే వస్తుంది, రెట్టింపుకు కొంచెం తక్కువ.

పెద్ద పూల డిజైను ఎంచుకుంటే ఇంకో ఖర్చు కలుస్తుంది. పువ్వు ప్రతి 24 అంగుళాలకోసారి మళ్లీ వస్తుందనుకుందాం. మూడు పన్నాల్లోనూ పూలు ఒకే వరుసలో నిలవాలంటే ప్రతి పన్నానూ 24కు గుణిజంగా కోయాలి. 105 సరిపోదు, 120 కావాలి. మూడు పన్నాలకు 9.15 మీటర్లు. ఒక్క డిజైను కోసం మీటరుకు పైగా ఎక్కువ. హాలులో రెండు కిటికీలుంటే రెండు మీటర్ల పైమాట. చారలూ, ఒకే రంగు బట్టా ఈ బాధ పెట్టవు.

ఇక ఏ బట్ట? నెల్లిమర్ల అనగానే జూట్ మిల్లు గుర్తొస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్టలో పండే గోగునారకు ఆ పరిశ్రమతో అనుబంధం పాతది. ఇప్పుడు జూట్ కర్టెన్లు ఫ్యాషన్ కూడా. మన ఊరి నార మన కిటికీకే వేలాడితే బాగుండునన్న కోరిక నాకూ ఉంది. కానీ అంకెలు వేరేగా చెబుతున్నాయి. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు 100 కిలోల పొడి జూట్ దాదాపు 13.75 కిలోల నీటిని పీల్చుకుంటుంది. నూలు ఎనిమిదిన్నర కిలోలు, పాలిస్టర్ అర కిలో కూడా పీల్చదు. వానాకాలంలో మన గాలి తేమ 65 దగ్గర ఆగదని మీకూ తెలుసు. రెండు కిలోల జూట్ కర్టెన్ పావు లీటరుకు పైగా నీటిని మోస్తూ వేలాడుతుంది. బూజు పడుతుంది. దానికి తోడు నారలోని లిగ్నిన్ వల్ల ఎండ తగిలినకొద్దీ పసుపుబారుతుంది. కాబట్టి జూట్‌ను హాలుకూ భోజనాల గదికీ మధ్య అడ్డుగానో, కర్టెన్లను కట్టే పట్టీగానో వాడుకోండి. కిటికీకి వద్దు. కిటికీకి మధ్యరకం మందం ఉన్న నూలు గానీ, నూలు పాలిస్టర్ కలిపినది గానీ మంచిది. నూలైతే కోసేముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయండి. ఆ 5 అంగుళాల కుంచింపు కుట్టకముందే అయిపోతుంది.

పల్చటి నెట్ తెర ఒక్కటే వేస్తే చాలదా అని అడుగుతారు. పగలు చాలు. నీడపట్టున కూడా బయట వెలుతురు 10,000 లక్స్ దాకా ఉంటుంది, హాలులో రెండు మూడు వందలు. వెలుగు ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపు కనిపించదు. రాత్రి లైటు వేయగానే ఇది తిరగబడుతుంది, వీధిలో వెళ్లేవారికి హాలంతా కనిపిస్తుంది. రోడ్డు పక్క ఇల్లయితే నెట్‌తో పాటు మందపాటి కర్టెన్ తప్పదు.

రాడ్డు బిగించడం చిన్నపనేమీ కాదు. 8 మీటర్ల బట్ట అంటే 11 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 200 గ్రాముల బట్ట అయితే రెండు కిలోల పైన. లైనింగు వేస్తే మూడున్నర. పిల్లలు పట్టుకుని లాగితే ఎంతో చెప్పలేం. 6 అడుగుల రాడ్డుకు మధ్యలో మూడో బ్రాకెట్టు పెట్టించండి. ఎడమ కర్టెన్ ఎడమకు, కుడిది కుడికి పోతుంది కాబట్టి మధ్య బ్రాకెట్టు రింగులకు అడ్డురాదు. గోడ మీద సిమెంటు పూత 12 నుంచి 15 మిల్లీమీటర్లుంటుంది. అంగుళం స్క్రూ పెడితే సగం ఆ పూతలోనే ఉండిపోతుంది, నాలుగు రోజులకు గట్టాతో సహా ఊడి వస్తుంది. రెండు అంగుళాల స్క్రూ అయితే 35 మిల్లీమీటర్లు పూత దాటి గోడలో దిగుతుంది. కిటికీ పైన దాదాపు 6 అంగుళాల మేర లింటెల్ కాంక్రీటు ఉంటుంది. అది కిటికీకి రెండు పక్కలా కూడా ఓ 6 అంగుళాలు లోపలికి పోయి ఉంటుంది. మనం బ్రాకెట్టు పెట్టేచోటు అదే. మామూలు డ్రిల్లు అక్కడ జారుతుంది, హ్యామర్ డ్రిల్లు ఉన్నవాళ్లనే పిలవండి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైన మాత్రం ఎక్కడా రంధ్రం వేయించకండి, వైర్లు ఆ దారినే దిగుతాయి. రాడ్డు స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకోండి. చంపావతి నది కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది, ఆ ఉప్పుగాలి మనదాకా వస్తుంది.

ఇంతవరకూ చెప్పింది అన్ని కిటికీలకూ వర్తిస్తుంది. పడమటి కిటికీ సంగతి వేరు. నేను ఈ కథనం రాయడానికి అసలు కారణం కూడా అదే.

నెల్లిమర్ల 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కొంచెం పైన ఉంది. మే 13 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు ఏ గోడ మీదా ఎండ పడదు. సాయంత్రం 4 గంటలకు 31 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. కిటికీ మీద 2 అడుగుల సన్‌షేడ్ ఉందనుకుంటే ఆ వేళ దాని నీడ 15 అంగుళాలే పడుతుంది. 48 అంగుళాల గాజులో 33 అంగుళాలు ఎండలో ఉంటుంది. 5 గంటలకు నీడ 8 అంగుళాలకు తగ్గిపోతుంది, 40 అంగుళాల మీద ఎండే. ఈ కిటికీ వైశాల్యం 20 చదరపు అడుగులు. ఎండ గట్టిగా ఉన్న సాయంత్రం ఇంత గాజులోంచి వచ్చే వేడి దాదాపు 1000 వాట్ల హీటరు వేసినంత. మే నెలలో, ఇంటిల్లిపాదీ హాలులో కూర్చునే వేళకు!

దీనికి మందపాటి కర్టెన్ మందు అనుకుంటాం. అమెరికా ఇంధన శాఖ ఇచ్చే లెక్క ప్రకారం, వెనక తెల్లటి ప్లాస్టిక్ పూత ఉన్న మధ్యరకం రంగు కర్టెన్లు గాజులోంచి వచ్చే వేడిలో 33 శాతం తగ్గిస్తాయి. అదే పడమటి కిటికీకి బయట నీడ కడితే 77 శాతం దాకా తగ్గుతుంది. కారణం తేలికే. ఎండ గాజు దాటి కర్టెన్‌కు తగిలేసరికే ఇంట్లోకి వచ్చేసింది. కర్టెన్ కొంత తిప్పి పంపుతుంది, మిగతాది తాను వేడెక్కి గదికే ఇస్తుంది. బయట తెర వేడెక్కితే ఆ వేడి బయటి గాలికే పోతుంది.

మన పెద్దవాళ్ల వెదురు తడికలు, వట్టివేళ్ల తెరలు చేసిన పని ఇదే. సన్‌షేడ్ బయటి అంచు నుంచి 3 అడుగుల వెదురు తెర దించండి. 4 గంటలకు కిటికీ మీద ఎండ పూర్తిగా పోతుంది. 5 గంటలకు అడుగున 4 అంగుళాలు మాత్రమే ఎండ. గోడకూ తెరకూ మధ్య 2 అడుగుల ఖాళీ ఉంటుంది కాబట్టి గాలి ఆగదు. సూర్యుడు ఏడాదిలో నేరు పడమరకు 25 డిగ్రీల దాకా అటూ ఇటూ జరిగి అస్తమిస్తాడు. అందుకని తెరను కిటికీ కన్నా ఇరువైపులా ఒక్కో అడుగు ఎక్కువగా, 7 అడుగుల వెడల్పున అల్లించండి. తాడుతో చుట్టి పైకి కట్టే వీలుండాలి. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న. అందుకే అక్టోబరు రాగానే తెరను విప్పి ఇంట్లో పెట్టుకోవాలి.

మీ హాలు కిటికీ పడమరదైతే ముందు తడికలు అల్లేవారి దగ్గరకు వెళ్లి ఆ తెర అల్లించుకోండి. బట్టల కొట్టుకు ఆ తర్వాతే వెళ్లండి.