తేయాకు గొలుసులో ఏ మెట్టు మీద ఎవరు?

కోల్‌కతాలో తేయాకు వేలం 1861 డిసెంబరు 27న మొదలైంది. అస్సాం, డూవార్స్, డార్జిలింగ్ తోటల్లో కోసిన ఆకు ఫ్యాక్టరీలో టీపొడిగా మారి, గిడ్డంగి, బ్రోకరు, వేలంపాట, హోల్‌సేల్ వ్యాపారి మీదుగా వంటింటి డబ్బాలోకి చేరే దారిలో ఈ నగరం ఇప్పటికీ పెద్ద కూడలి. టీ బోర్డు ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది, పెద్ద తోటల కంపెనీలు చాలావాటి కార్యాలయాలూ ఇక్కడే. సరుకు పుట్టిన చోటి నుంచి వాడేవాడి దాకా సాగే ఈ వరుసనంతా కలిపి సప్లై చైన్ అంటున్నారు. దాన్ని నడిపే కుర్చీల్లో ఆడవాళ్లు, దళితులు, ఆదివాసులు, దివ్యాంగులు ఎంతమంది ఉన్నారు, ఉన్నవాళ్ల మాట చెల్లుతోందా అన్నవి ఇప్పుడు కంపెనీలు, ప్రభుత్వాలు లెక్కలు వేస్తున్న ప్రశ్నలు.

ఆ లెక్క ఎలా తప్పుదారి పట్టగలదో తేయాకే చూపిస్తుంది. తోట కూలీల్లో సగానికి పైగా ఆడవాళ్లే. ఆకు కోత దాదాపు పూర్తిగా వాళ్ల చేతి పనే. మొత్తం సిబ్బందిని ఒకే గంపలో వేసి లెక్కిస్తే తేయాకు పరిశ్రమలో మహిళలకు కొరతే లేదనిపిస్తుంది. కూలీ పైన సర్దారు, ఆపైన ఆఫీసు బాబు, అసిస్టెంట్ మేనేజరు, మేనేజరు అని మెట్టు మెట్టుకూ విడదీసి చూస్తే బొమ్మ తిరగబడుతుంది. కూలీల్లో పెద్ద భాగం జార్ఖండ్, ఒడిశా ప్రాంతాల నుంచి బ్రిటిష్ కాలంలో తరలించిన ఆదివాసుల సంతతి గనుక, పై మెట్లలో తగ్గేది ఆడవాళ్లు మాత్రమే కాదు.

అస్సాంలో మొదటి పెద్ద తేయాకు కంపెనీ 1839లో పుట్టింది. అక్కడ ఒక మహిళ తోట మేనేజరు కావడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు కోల్‌కతా కేంద్రంగా నడిచే ఎపీజే టీ కంపెనీ ఎగువ అస్సాంలోని హిలికా తోట బాధ్యతను మంజు బారువాకు అప్పగించింది. మేనేజరును ‘బొర్ సాహెబ్’ అని పిలవడం అలవాటైన కూలీలు ఆమెను ‘బొర్ మేడమ్’ అన్నారు. ఆమె 2000లో చేరింది సంక్షేమాధికారి శిక్షణలో. 1951 నాటి తోట కార్మికుల చట్టం 300 మంది లేదా అంతకు మించి పనిచేసే తోటలో సంక్షేమాధికారి ఉండి తీరాలంది. చదువుకున్న ఆడపిల్లకు ఆ చట్టం ఒక తలుపు తెరిచింది గానీ, అది పక్క తలుపు. ఉత్పత్తి, ఖర్చు, దిగుబడి చూసే పదవులే పైకి తీసుకెళ్తాయి. ఆ అనుభవం మొదటే ఇవ్వకుండా ఇరవై ఏళ్ల తర్వాత ‘అర్హులు దొరకడం లేదు’ అనడం ఏ పరిశ్రమకైనా తగని మాట.

హుగ్లీ ఒడ్డు జనపనార మిల్లుల కథ ఇంకా చేదైనది. అక్కడ ఉన్న ఆడవాళ్లు కూడా బయటికి పోయారు. 1930 ప్రాంతాల్లో కార్మికుల్లో ఐదోవంతుకు దగ్గరగా ఉన్న మహిళలు 1970ల నాటికి నూటికి ఇద్దరయ్యారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి టిటాగఢ్ వైపు వెళ్లిన తెలుగువాళ్లు చూసిన మిల్లులే ఇవి. చేత్తో చేసే పనులకు యంత్రాలు వచ్చాయి. రాత్రి షిఫ్టుల్లో ఆడవాళ్ల మీద నిషేధం, 1939 నాటి బెంగాల్ ప్రసూతి ప్రయోజన చట్టం, పిల్లల సంరక్షణ గదుల ఖర్చు చూసి యజమానులు మగవాళ్లనే ఎంచుకున్నారు. రక్షణ కోసం చేసిన చట్టం భారాన్ని ఒక్క యజమాని మీదే వేస్తే అది కొన్నిసార్లు గెంటేసే సాధనమవుతుంది. కింది మెట్టే ఖాళీ అయ్యాక పై మెట్టుకు ఎక్కేదెవరు?

ఇప్పటి కొలతలు రెండు వైపుల నుంచి వచ్చాయి. మొదటిది కంపెనీ లోపలి నుంచి. 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో కనీసం ఒక మహిళ ఉండాలంది. 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలను ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వమంటోంది. ఉద్యోగుల్లో, కార్మికుల్లో, బోర్డులో, కీలక అధికారుల్లో మహిళలెందరో, ఉద్యోగుల్లో, కార్మికుల్లో దివ్యాంగులెందరో, ఆడ మగ జీతాలు ఎలా ఉన్నాయో అందులో చెప్పాలి. రెండోది కొనుగోలు వైపు నుంచి. కోల్‌కతాలోనే ప్రధాన కార్యాలయం ఉన్న కోల్ ఇండియా వంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచి, ఆ 25లో 4 ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి, 3 మహిళల సంస్థల నుంచి తీసుకోవాలి. ఎస్సీ, ఎస్టీల భాగస్వామ్య సంస్థ అనిపించుకోవాలంటే కనీసం 51 శాతం వాటా వాళ్లదై ఉండాలి. కాగితం మీద వాటా ఒకరిది, పెత్తనం మరొకరిది అయ్యే ప్రమాదం ఇక్కడ ఉంది. సర్పంచ్ పదవి భార్య పేరున, పాలన భర్త చేతిలో నడిచిన పంచాయతీలను చూసిన తెలుగువాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

అమెరికాకు చెందిన గార్ట్‌నర్ సంస్థ 2023 సర్వేలో సప్లై చైన్ ఉద్యోగుల్లో మహిళలు 41 శాతం, అత్యున్నత కార్యనిర్వాహక పదవుల్లో 26 శాతం అని తేలింది. ఆ తేడాను పట్టించుకోవాలంటే మెట్టు మెట్టుకూ తలలు లెక్కపెట్టాలి, ఏటా ఎవరికి ప్రమోషన్ వచ్చిందో, ఎవరు మానేశారో చూడాలి. ధర ఖరారు చేసే సంతకం, కొనుగోలు ఆర్డరు, గిడ్డంగి బాధ్యత ఎవరి చేతిలో ఉన్నాయో కూడా అడగాలి. చేర్చుకోవడం అన్నది అక్కడే తేలుతుంది. పెంచే మార్గాలు కూడా నేల మీదివే: రాత్రిపూట ఇంటికి బండి, గిడ్డంగిలో మరుగుదొడ్డి, పసిపిల్లల గది, చేరిన మొదటి ఏళ్లలోనే ఉత్పత్తి బాధ్యత. బోర్డులో ఒక పేరు చేర్చడం వీటన్నిటికన్నా సులువు, అందుకే అది ముందు జరుగుతుంది.

బీఆర్‌ఎస్‌ఆర్‌లో బోర్డుకూ కార్మికులకూ మధ్య ఉన్న తోట మేనేజరు, గిడ్డంగి అధికారి, కొనుగోలు అధికారి వంటి మెట్లకు విడి గడి లేదు. కులం గురించి ప్రశ్నే లేదు. ఆ నివేదికలు కంపెనీ వెబ్‌సైట్లలో ఎవరైనా చదవవచ్చు. ఒక్క షేరు ఉన్నవారు కూడా వార్షిక సమావేశంలో ఆ మధ్య మెట్ల లెక్క అడగవచ్చు.